0.06 డిగ్రీ

మా హీట్ ట్రాన్స్‌ఫర్ లేబ్‌లో కిటికీ పక్కన ఒక డబుల్ పైప్ హీట్ ఎక్స్ఛేంజర్ ఉంది. ఒక ప్రవాహంలోని వేడిని ఇంకోదానికి దాటించే పరికరం. పేరు పెద్దదే గానీ వస్తువు చిన్నది. ఒక రాగి గొట్టం, దాని చుట్టూ లావుపాటి జీఐ (జింకు పూత ఇనుము) గొట్టం. రాగి గొట్టంలో గీజర్ నుంచి వచ్చే వేడినీళ్ళు పారతాయి, రెండు గొట్టాల మధ్య సందులో మేడమీద ట్యాంకు నుంచి దిగే చన్నీళ్ళు పారతాయి. పొడవు 1.6 మీటర్లు. నాలుగు థర్మామీటర్లు, ప్రవాహం కొలిచే రెండు రోటామీటర్లు, చన్నీళ్ళ దారి తిప్పడానికి నాలుగు బాల్ వాల్వులు. అంతే.

నేను ఈ కాలేజీలో చేరి పదకొండేళ్ళయింది. పదకొండేళ్ళుగా ఈ ప్రయోగం రికార్డులు దిద్దుతున్నాను. పిల్లలు ముందు రెండు నీళ్ళనీ ఒకే వైపు పారించి రీడింగులు తీసుకోవాలి, అది పారలల్ ఫ్లో. తర్వాత వాల్వులు తిప్పి చన్నీళ్ళను ఎదురు దిక్కున పారించాలి, అది కౌంటర్ ఫ్లో. రికార్డు చివర్లో ప్రతివాళ్ళూ రాసే వాక్యం ఒకటే: కౌంటర్ ఫ్లోలో ఉష్ణ బదిలీ ఎక్కువగా ఉన్నది. దానికి తగ్గట్టు టేబుల్‌లో రెండు మూడు డిగ్రీల తేడా కనిపిస్తుంది. నేను టిక్కు పెట్టి సంతకం చేస్తాను.

ఈ ఏప్రిల్‌లో వైవా రోజున, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న కుర్రాడొకడు రికార్డు ఇవ్వకుండా టేబుల్ ముందు నిలబడిపోయాడు.

"మేడమ్, నాకు తేడా రాలేదండి. మూడుసార్లు చేశానండి. ఎటు తిప్పినా వేడినీళ్ళు 55న్నర దగ్గరే బయటికొస్తున్నాయండి."

"మిగతా బ్యాచ్‌లకి వచ్చింది కదా?" అన్నాను.

వాడు తల దించుకుని, "వాళ్ళకీ రాలేదండి" అన్నాడు.

ఆ మాట నన్ను బాగా పట్టుకుంది. ఎందుకంటే నేను చదువుకునే రోజుల్లో నాకూ రాలేదు. మా సీనియర్ల రికార్డు చూసి రీడింగులు కుక్ చేశాను. తప్పు చేస్తున్నానని తెలుసు, సిగ్గుగానే ఉండింది. కానీ తప్పు నాదే అయి ఉంటుందనీ, వాల్వు ఏదో సరిగ్గా తిప్పలేదనీ అనుకున్నాను తప్ప, అసలు ఆ రిగ్ (ప్రయోగ పరికరం) మీద ఆ తేడా కనిపిస్తుందా అని అడగాలని తోచలేదు. ఇన్నేళ్ళూ అదే అబద్ధాన్ని పిల్లల చేత రాయిస్తూ వచ్చానా? దీని సంగతి తేల్చాలనుకున్నాను.

మేలో సెలవులిచ్చారు. విశాఖ గోపాలపట్నంలో మా డాబా మీదికి చీకటి పడ్డాక కాస్త గాలి వస్తుంది, సింహాచలం కొండ మీద దీపాలు కనిపిస్తాయి. పగలంతా ఉక్కపోత. రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ పట్టుకుని పైకెళ్ళి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆ గొట్టానికి నమూనా కట్టడం మొదలుపెట్టాను.

గొట్టాన్ని 40 ముక్కలుగా కోశాను, ఒక్కో ముక్క 4 సెంటీమీటర్లు. ప్రతి ముక్కకీ ఒక జమాఖర్చుల లెక్క. పక్క ముక్క నుంచి నీళ్ళు మోసుకొచ్చిన వేడి జమ. ముందుకు మోసుకుపోయినది ఖర్చు. రాగి గోడ దాటి చన్నీళ్ళలోకి పోయినది వేడినీళ్ళకి ఖర్చు, చన్నీళ్ళకి జమ. గోడ దాటే వేడి మూడింటి మీద ఆధారపడుతుంది: రెండు నీళ్ళ మధ్య ఉష్ణోగ్రత తేడా, గోడ వైశాల్యం, వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే కోఎఫిషెంట్. మొదట్లో గొట్టం నిండా 33 డిగ్రీల నీళ్ళున్నాయనుకుని, 60 డిగ్రీల నీళ్ళు ఒక చివర నుంచి వదిలి, కొంచెం కొంచెంగా కాలాన్ని ముందుకు జరుపుతూ పోవడమే పని.

మొదటి రాత్రి పక్క ముక్కల ప్రభావాన్ని రెండు వైపుల నుంచీ సగటు తీసి లెక్కలో పెట్టాను. గ్రాఫ్ రంపపు పళ్ళలా వచ్చింది. ఒక ముక్క 62, పక్కది 48, ఆ పక్కది మళ్ళీ 60 పైన. 60 డిగ్రీల నీళ్ళు దేన్నీ 62కి తీసుకెళ్ళలేవు. ఏటిలో ఎగువన కలిసిన బురద దిగువన తెలుస్తుంది గానీ దిగువన కలిసినది ఎగువకి తెలియదు కదా. పారే నీటికి కబురు ఎగువ నుంచే వస్తుంది. కాబట్టి ప్రతి ముక్కా తన ఎగువ ముక్కనే అడగాలి. అలా మార్చేసరికి రంపపు పళ్ళు పోయాయి.

అయినా లెక్క నిలవలేదు. కాలంలో కొన్ని వందల అడుగులు ముందుకు వేసేసరికి ఉష్ణోగ్రతలు లక్షల్లోకి పోయాయి. కాలాన్ని 0.1 సెకను చొప్పున జరుపుతున్నాను. నిమిషానికి 3 లీటర్ల చొప్పున, 9.5 మిల్లీమీటర్ల రంధ్రంలో వేడినీళ్ళ వేగం సెకనుకి 0.7 మీటర్లు. అంటే 0.1 సెకనులో నీళ్ళు 7 సెంటీమీటర్లు వెళ్ళిపోతాయి. నా ముక్క 4 సెంటీమీటర్లే. నీళ్ళు ఒక ముక్కను దాటేసి పోతుంటే దాని లెక్క రాసేవాళ్ళెవరు? ఒక అడుగులో నీళ్ళు ఒక ముక్క కన్నా ఎక్కువ దూరం పోకూడదని కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితవేత్తలు 1928లోనే చెప్పారు. అప్పటికి ఇలాంటి లెక్కలు చేసే కంప్యూటర్లే లేవు. 0.05 సెకనుకి తగ్గించాను, లెక్క కుదురుగా నిలబడింది.

ఇక కోఎఫిషెంట్. ఇక్కడే ఎక్కువ రోజులు పట్టింది. క్లాసులో మేము చెప్పేది 1930 నాటి డిట్టస్ బోల్టర్ సూత్రం. రేనాల్డ్స్ సంఖ్యకి (ప్రవాహం ఎంతగా సుడులు తిరుగుతుందో చెప్పేది) 0.8 ఘాతం, ప్రాండ్టల్ సంఖ్యకి (ద్రవం స్వభావాన్ని చెప్పేది) 0.3 గానీ 0.4 గానీ ఘాతం, ముందు 0.023. రేనాల్డ్స్ సంఖ్య 10,000 దాటితేనే దాన్ని వాడాలని కూడా చెబుతాం. రాగి గొట్టం లోపల ఆ సంఖ్య 14,000 దాకా వచ్చింది, ఇబ్బంది లేదు. మధ్య సందులో నిమిషానికి 6 లీటర్లు పారుతున్నా 4,200 మాత్రమే వచ్చింది. అక్కడ ప్రవాహం ఇంకా పూర్తిగా సుడులు తిరగదు. మా మాన్యువల్‌లో రెండు చోట్లా అదే సూత్రం వాడమని ఉంది, నేనూ ఎప్పుడూ ప్రశ్నించలేదు. ఆ మధ్యస్థితిని కూడా పట్టుకునే గ్నీలిన్‌స్కీ సూత్రం 1976 నాటిది. దాన్ని పెట్టి చూస్తే సందు వైపు కోఎఫిషెంట్ 1,400 నుంచి 1,200కి దిగింది.

సందు వ్యాసం దగ్గర ఇంకో చిక్కు. గుండ్రటి గొట్టానికి వ్యాసం ఉంటుంది, ఉంగరంలాంటి సందుకి ఏది వ్యాసం? బయటి గొట్టం లోపలి వ్యాసం 28 మిల్లీమీటర్లు, రాగి గొట్టం బయటి వ్యాసం 12.7. ఒకటి లోంచి ఒకటి తీసేస్తే 15.3. తడిసే అంచు మొత్తాన్నీ లెక్కలోకి తీసుకునే పద్ధతి అది. వేడి దాటేది రాగి గోడ నుంచి మాత్రమే కాబట్టి ఆ ఒక్క అంచునే తీసుకోవాలనే పద్ధతి ఇంకోటి ఉంది. దాని ప్రకారం 49 మిల్లీమీటర్లు వస్తుంది, బయటి గొట్టం కన్నా పెద్దది! ఏ సూత్రంతో ఏ వ్యాసం వాడాలో పిల్లలకి చెప్పకుండా వదిలేస్తే వాళ్ళు తికమకపడటంలో వింత లేదు. నేను 15.3 దగ్గరే నిలబడ్డాను.

అన్నీ కలిపితే రాగి గొట్టం బయటి వైశాల్యం మీద మొత్తం కోఎఫిషెంట్, చదరపు మీటరుకి డిగ్రీకి 889 వాట్లు వచ్చింది. రాగి గోడ వల్ల కలిగే అడ్డు ఇందులో అర శాతం కూడా లేదు. అడ్డంతా గోడకి రెండు వైపులా ఆనుకుని ఉండే నీటి పొరలదే, అందులోనూ ముప్పాతిక వంతు సందు వైపు.

పారలల్ నడిపాను, కౌంటర్ నడిపాను. రెండింటికీ ఒకే జవాబు, చివరి దశాంశం దాకా ఒకే జవాబు వచ్చింది. కుర్రాడి మాట నిజమైందని సంబరపడ్డాను. కానీ ఒక్క అంకె కూడా తేడా లేకపోవడం నిద్రపోనివ్వలేదు. కిందికి దిగి పడుకున్నదాన్ని మళ్ళీ లేచి, చన్నీళ్ళ ఉష్ణోగ్రతలు 40 ముక్కలకీ వరసగా ప్రింట్ చేశాను. కౌంటర్ ఫ్లోలో చన్నీళ్ళు అన్నిటికన్నా చల్లగా ఉండాల్సింది వేడినీళ్ళు బయటికి పోయే చివర. నా లిస్టులో అవి వేడినీళ్ళు లోపలికొచ్చే చివర చల్లగా ఉన్నాయి. కౌంటర్ అని పేరు పెట్టిన ఫంక్షన్‌లో కూడా ఎగువ ముక్క అంటే ఎడమ పక్క ముక్కే అని రాసి ఉంచాను. చన్నీళ్ళకి ఎగువ కుడి పక్కన కదా ఉండాలి. ఒక్క ప్లస్, ఒక్క మైనస్.

సరిచేసి నడిపాను. పారలల్ ఫ్లోలో వేడినీళ్ళు బయటికొచ్చేది 53.90 డిగ్రీల దగ్గర. కౌంటర్ ఫ్లోలో 53.84. తేడా 0.06 డిగ్రీ.

మా గాజు థర్మామీటర్ మీద గీతకీ గీతకీ మధ్య ఒక డిగ్రీ. కన్ను ఎంత దగ్గరగా పెట్టినా అర డిగ్రీ కన్నా చిన్నది చదవలేం. 40 ముక్కల లెక్కలోనే 0.03 డిగ్రీ దాకా పొరపాటు ఉంటుందని చేత్తో వేసిన సూత్రంతో పోల్చి చూసుకుని, 160 ముక్కలు చేసి మళ్ళీ నడిపాను. తేడా అక్కడే నిలిచింది.

ఎందుకింత తక్కువ? వేడినీళ్ళకీ చన్నీళ్ళకీ మొదట్లో ఉన్న అంతరం 27 డిగ్రీలు. ఈ పొట్టి గొట్టంలో వేడినీళ్ళు దిగేది 6 డిగ్రీలే, చన్నీళ్ళు ఎక్కేది 3. పారలల్‌లో అంతరం 27 నుంచి 18 దాకా తగ్గుతుంది, కౌంటర్‌లో 24 నుంచి 21 దాకా. లాగరిథమ్ సగటు వేస్తే ఒకటి 22.1, ఇంకోటి 22.4. ఒక్క శాతం తేడా. నీళ్ళు ఒకదాన్నొకటి ఇంకా సరిగ్గా తెలుసుకోకముందే గొట్టం అయిపోతోంది.

అదే గొట్టాన్ని ప్రోగ్రామ్‌లో 16 మీటర్లు చేశాను. ఆ గ్రాఫ్ చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. పారలల్‌లో రెండు గీతలూ దగ్గరికొచ్చి, దగ్గరికొచ్చి 42 దగ్గర కలిసిపోతున్నాయి. ఆ రెండు నీళ్ళనీ ఒక బకెట్‌లో కలిపేస్తే వచ్చే ఉష్ణోగ్రత అది, దాన్ని మించి పారలల్ ఏమీ చేయలేదు. కౌంటర్‌లో గీతలు చివరి దాకా కలవనే లేదు. వేడినీళ్ళు 37 దాకా దిగాయి, చన్నీళ్ళు 44 దాటి ఎక్కాయి. అంటే బయటికొచ్చేసరికి, వేడిగా లోపలికెళ్ళినవి చల్లగా లోపలికెళ్ళిన వాటికన్నా చల్లబడి ఉన్నాయి! ఇదీ పిల్లలకి చూపించాల్సింది. రిఫైనరీల్లో బయటికెళ్ళే వేడి సరుకుతోనే లోపలికొచ్చే క్రూడ్‌ను (ముడి చమురును) కాసేటప్పుడు పనికొచ్చేది ఆ ఎదురు నడక ఇచ్చే లాభమే. ఈ సంగతి 1.6 మీటర్ల గొట్టంలో వెతకమని చెప్పి, దొరక్కపోతే మార్కులు తగ్గిస్తూ వచ్చాం.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ నా లెక్క 53.84 అంటుంటే కుర్రాడి థర్మామీటర్ 55న్నర అంది. డిగ్రీన్నర తేడాని కంటి పొరపాటు అనలేం.

మే మూడో వారంలో కాలేజీకి వెళ్ళాను. మా లేబ్ టెక్నీషియన్ బాబాయ్ సెలవుల్లో కూడా వచ్చి తాళం తీశారు. గాజు థర్మామీటర్లు తీసేసి, పదో వంతు డిగ్రీ చూపించే పీటీ-100 సెన్సర్లు పెట్టాం. సెన్సర్ దిగే చిన్న గొట్టం, థర్మోవెల్‌లో నూనె ఎండిపోయి ఉంటే కొత్తగా చుక్కలు వేశాం. వేడినీళ్ళు 60 దగ్గర లోపలికి, 55.4 దగ్గర బయటికి. చన్నీళ్ళు 33 నుంచి 35.2. వేడినీళ్ళు పోగొట్టుకున్నది దాదాపు 950 వాట్లు, చన్నీళ్ళకి చేరింది 915. గదిలోకి వేడి కారిపోవడం లేదని దీంతో తేలింది. విశాఖలో మే మధ్యాహ్నం గది కూడా 34 డిగ్రీలుంటే ఇంకెక్కడికి కారుతుంది. వేడి అసలు గోడే దాటడం లేదు. రీడింగుల నుంచి వెనక్కి లెక్కేస్తే కోఎఫిషెంట్ 630. ఉండాల్సింది 889.

ఈ అడ్డు ఎక్కడుందో పట్టుకోవడానికి విల్సన్ అనే ఆయన 1915లో చూపించిన పద్ధతి ఒకటుంది. సందులో నీళ్ళు మార్చకుండా, లోపలి వేడినీళ్ళని నిమిషానికి 2, 3, 4, 5 లీటర్లుగా పెంచుకుంటూ పోవాలి. ప్రతిసారీ మొత్తం అడ్డుని, అంటే కోఎఫిషెంట్‌కి విలోమాన్ని, వేగం 0.8 ఘాతానికి విలోమం ఎదురుగా గ్రాఫ్ గీయాలి. లోపలి నీళ్ళు ఎంత వేగంగా పారితే వాటి వైపు అడ్డు అంత తగ్గుతుంది. గీతని సున్నా దాకా పొడిగిస్తే, లోపలి వేగంతో పని లేకుండా మిగిలిపోయే అడ్డు అక్కడ కనిపిస్తుంది. నా లెక్క ప్రకారం అది 0.00083 ఉండాలి. గీత 0.0013 దగ్గర తగిలింది.

ఆ రాత్రి డాబా మీద ఆ గ్రాఫే చూస్తూ కూర్చుంటే నాన్న వచ్చారు. మల్కాపురంలో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ప్లాంటు మరమ్మతుకి ఆపే షట్‌డౌన్ రోజుల్లో ఇంటికి రాకుండా ఎక్స్ఛేంజర్ల లోపలి గొట్టాల కట్టలు, బండిళ్ళు, బయటికి లాగించేవారు.

"ఏటమ్మా ఆ గీతలు?"

"లెక్కకీ రీడింగుకీ డిగ్రీన్నర తేడా వస్తోంది నాన్నా. వేడి గోడ దాటట్లేదు."

"నీళ్ళు ఎక్కడివి?"

"బోరువి."

"విప్పి ఎన్నాళ్ళయింది?"

నా దగ్గర జవాబు లేదు. నేను చేరాక ఎవరూ విప్పలేదు.

మర్నాడు బాబాయ్ పైప్ రెంచ్‌తో యూనియన్లు విప్పి, గ్లాండ్ నట్లు వదులు చేసి, రాగి గొట్టాన్ని నెమ్మదిగా బయటికి లాగారు. సగం వచ్చాక గరగరమంది. అది రాగి గొట్టంలా లేదు. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా తెల్లటి, కొంచెం పసుపు తిరిగిన పొర. గోటితో గీస్తే పలకలా లేచొచ్చింది. గొట్టానికి ఆనుకున్న వైపు నున్నగా, రాగి పచ్చదనం అంటుకుని ఉంది. నీళ్ళ వైపు ఇసుక కాగితంలా గరుకు. వేడినీళ్ళు లోపలికొచ్చే చివర దట్టంగా, పోను పోను పల్చగా. ఎక్కువ పదార్థాలు వేడిచేస్తే నీళ్ళలో బాగా కరుగుతాయి, సున్నపు లవణం మాత్రం వేడి తగిలితే బయటపడిపోతుంది. అందుకే ఎక్కడ గోడ వేడిగా ఉందో అక్కడే గడ్డకట్టింది. వెర్నియర్‌తో కొలిస్తే, 12.7 ఉండాల్సిన గొట్టం మధ్యలో 13.7 చూపించింది. అర మిల్లీమీటరు పొర. గ్రాఫ్ చెప్పిన అడ్డుని ఈ మందంతో పోల్చితే ఆ పొర ఉష్ణవాహకత ఒకటి చుట్టుపక్కల వస్తుంది. రాగికి 385.

"ఏటండి మేడమ్, ఇన్నాళ్ళూ దీన్ని పెట్టుకుని పిల్లల్ని తిట్టేసేం" అన్నారు బాబాయ్.

పూర్ణామార్కెట్ నుంచి అర కిలో నిమ్మ ఉప్పు తెప్పించి, ఒక పీవీసీ గొట్టానికి అడుగున మూత బిగించి, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్ళు నింపి అందులో నిలబెట్టాం. బుసబుసమని నురగ. సాయంత్రానికి గొట్టం కొత్త బిందెలా ఎర్రగా బయటికొచ్చింది. కడిగి, బిగించి, అవే ప్రవాహాలతో నడిపాం. పది నిమిషాలకి డిస్‌ప్లే మీద అంకె కదలడం మానేసింది. 54.0.

జూలైలో లేబ్ మళ్ళీ మొదలైంది. ప్రయోగం మాన్యువల్ తిరగరాశాను, డిపార్ట్‌మెంట్‌లో అందరూ చూసి ఒప్పుకున్నారు. ఇప్పుడు పిల్లలు ముందు ప్రోగ్రామ్ నడిపి ఈ రిగ్ మీద ఏ అంకె రావాలో రాసుకుని, ఆ తర్వాతే వాల్వు తిప్పుతారు. 16 మీటర్ల గ్రాఫ్ కూడా వాళ్ళే తీసి రికార్డులో అంటిస్తారు. విల్సన్ గీత గీసి, దాన్నుంచి పొర మందం అంచనా వేస్తారు. సెమిస్టర్ చివర ఒకసారి గొట్టం విప్పాలని బాబాయ్ క్యాలెండర్ మీద రాసుకున్నారు. పెచ్చు ఒకటి చిన్న సీసాలో వేసి రిగ్ పక్కన పెట్టాను.

ఏప్రిల్‌లో వచ్చిన కుర్రాడు ఇప్పుడు ఫైనలియర్. వాడి ఆగిపోయిన రికార్డు ఇంకా నా సొరుగులోనే ఉంది. పిలిచి, కొత్తగా రీడింగులు తీసి రాయమన్నాను. వానలు పడ్డాక ట్యాంకు నీళ్ళు 29కి దిగాయి, వాడు ముందుగా ప్రోగ్రామ్‌లో అది మార్చుకున్నాడు. ఒక గంట రిగ్ దగ్గరే నిలబడి, రెండు వైపులా మూడేసి సార్లు తీశాడు. చివర్లో వాడు రాసిన వాక్యం ఇది: ఈ పరికరం మీద పారలల్, కౌంటర్ ప్రవాహాల మధ్య తేడా మా సెన్సర్లకి అందలేదు, లెక్క ప్రకారం కూడా అందకూడదు. దాని కింద సంతకం పెట్టి తేదీ వేశాను.